క్రిస్మస్ నవలలో దానం ఖరీదు

(మహాకవి గుర్రం జాషువా స్మారకోపన్యాసం)



మహాకవి గుర్రం జాషువా స్మృతిలో జరిగే ఉపన్యాసానికి క్రిస్మస్ రోజుల్లో చదువుకునే నవలలను విషయంగా తీసుకోవడం కొందరు శ్రోతలకు వింతగా తోచవచ్చు. 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టి, రాజమహేంద్రవరంలో మూకీ సినిమాలకు కథ చెప్పే పని దగ్గర నుంచి గుంటూరులో ఉపాధ్యాయ వృత్తి వరకు బతుకుతెరువు కోసం అనేక కొలువులు చేసిన జాషువా నవలాకారుడు కారు, పద్యకవి. అయినా ఆయనకూ ఈ విషయానికీ ఉన్న చుట్టరికం పైపైది కాదు. ‘గబ్బిలం’లో ఆకలితో ఉన్న ఒక అస్పృశ్యుడు, గుడి గడప దాటే హక్కు తనకు లేదు కాబట్టి, గుడిలోకి అడ్డులేకుండా పోగలిగిన గబ్బిలాన్ని శివుడి దగ్గరకు రాయబారిగా పంపుతాడు, 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ‘క్రీస్తు చరిత్ర’లో అదే కవి పశువుల పాకలో పుట్టిన శిశువు కథను తెలుగు పద్యంలో నిలబెట్టారు. దేవుడి వాకిట్లో పస్తున్న మనిషి ఒక కావ్యంలోనూ, మనుషుల వాకిట్లో చోటు దొరకని దేవుడు మరొక కావ్యంలోనూ కనిపిస్తారు. పండగనూ పస్తునూ ఒకే చూపుతో చూసిన కవి పేరిట జరిగే సభలో, పండగ సాహిత్యాన్ని పస్తు వైపు నుంచి పరిశీలించడం ఆయనకు తగిన నివాళి కాగలదు.

ఈ ఉపన్యాసం ప్రతిపాదించేది ఒక్క విషయమే. క్రిస్మస్ కాలంలో చదవదగినవిగా పేరుపడ్డ నవలల్లో మంచు, కొవ్వొత్తులు, కేకులు, కానుకలు ఎన్ని ఉన్నా, ఏళ్ల తరబడి మళ్లీ తెరిచి చదివించగలిగినవి మాత్రం ఒకరు మరొకరికి ఏదో ఇచ్చిన సందర్భం చుట్టూ అల్లుకున్నవే; ఆ ఇవ్వడానికి ఇచ్చినవారు ఏం చెల్లించారన్న లెక్కను నవల ఎంత నిక్కచ్చిగా తీస్తే దానికి అంత బలం వస్తుంది. సభ నడుస్తున్నదే ఒక ధర్మనిధి మీద కాబట్టి దానం గురించి ఇలా లెక్కలు అడగడం మర్యాదేనా అని నిర్వాహకులకు సందేహం రావచ్చు. నిధి పెట్టినవారి ఔదార్యానికి ఈ వాదం వల్ల వచ్చే లోటేమీ లేదు.

1. పండగకు పుస్తకం ఎలా వచ్చింది

ఉత్తర ఐరోపాలో డిసెంబరు నెలాఖరు మధ్యాహ్నం నాలుగింటికే చీకటి పడే కాలం. పొలం పనులు ముగిసి, బయట మంచు వల్ల తిరగడానికి వీలు లేక, ఇంటిల్లిపాదీ నిప్పు చుట్టూ చేరి దయ్యాల కథలు చెప్పుకునే అలవాటు అక్కడ అచ్చుయంత్రం కంటే పాతది. ఈ నోటి కథ అచ్చులోకి ఎక్కి సరుకుగా మారడం మాత్రం 19వ శతాబ్దిలో జరిగింది. 1820 ప్రాంతంలో అమెరికన్ రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్ తన ‘స్కెచ్ బుక్’లో ఇంగ్లండు పల్లెలోని ఒక పెద్దింటి క్రిస్మస్‌ను ముచ్చటగా వర్ణించాడు, ఆ దశాబ్దంలోనే లండన్ ప్రచురణకర్తలు ఏడాది చివర బహుమతిగా ఇచ్చుకోవడానికి పనికొచ్చే అందమైన సంకలనాలను అమ్మడం మొదలుపెట్టారు. ఉగాది సంచికల కోసం, దీపావళి ప్రత్యేక సంచికల కోసం ఎదురుచూసిన తరం వారు ఈ సభలో ఉన్నారు కాబట్టి, పండగకూ అచ్చు పుస్తకానికీ కుదిరే ఈ పొత్తును ఎక్కువగా వివరించనక్కర లేదు.

1836 చివర, 24 ఏళ్ల చార్లెస్ డికెన్స్ తన ‘పిక్విక్ పేపర్స్’లో డింగ్లీ డెల్ అనే పల్లెలోని క్రిస్మస్ వేడుకను రాశాడు. పెళ్లి, విందు, నాట్యం, గడ్డకట్టిన చెరువు మీద జారుడాట అన్నీ అందులో ఉన్నాయి, ఆకలిగొన్నవాడు మాత్రం ఒక్కడూ లేడు. చదువుతున్నంతసేపూ ఆ అధ్యాయాలు హాయిగానే ఉంటాయి. అయితే రెండోసారి వెతుక్కుని చదవాలనిపించేది ఆ వేడుకను కాదు, దాని నడుమ ఇమిడ్చిన చిన్న కథను. క్రిస్మస్ ముందు రాత్రి కూడా గొయ్యి తవ్వుకుంటూ, నవ్వే పిల్లవాణ్ణి చూసి ఓర్వలేక కొట్టే గేబ్రియల్ గ్రబ్ అనే కాటికాపరిని పిశాచాలు ఎత్తుకుపోయి, పేదల ఇళ్లలోని సుఖదుఃఖాలు చూపించి వదిలిపెడతాయి. ఏడేళ్ల తరవాత ఈ కాటికాపరే స్క్రూజ్ అనే వడ్డీ వ్యాపారిగా మళ్లీ పుట్టాడు.

స్క్రూజ్ పుట్టిన 1843లోనే లండన్‌లో హెన్రీ కోల్ అనే ఉద్యోగి మొదటి క్రిస్మస్ కార్డును అచ్చు వేయించాడు. జె. సి. హార్స్‌లీ గీసిన ఆ బొమ్మ నడిమి భాగంలో ఒక సంపన్న కుటుంబం ద్రాక్షసారాయి గ్లాసులు ఎత్తి పట్టుకుని ఉంటుంది. రెండు పక్కలా సన్నని చట్రాల్లో పేదలకు అన్నం పెట్టేవాళ్లూ బట్టలు ఇచ్చేవాళ్లూ కనిపిస్తారు. పేదవాడు అంచున ఉండటం ఆ బొమ్మకు అలంకారం. అంచున ఉన్నవాణ్ణి నడిమి భాగంలోకి తెస్తే ఏమవుతుందన్నదే నవలలు పట్టుకున్న ప్రశ్న.

తరవాతి కాలపు పండగ బజారులో ఈ ప్రశ్నతో పని లేని పుస్తకాలు కోకొల్లలు. అగాథా క్రిస్టీ ప్రచురణకర్తలు క్రిస్మస్‌కు ఒక క్రిస్టీ అన్న మాటను అమ్మకాల నినాదంగానే వాడుకున్నారు. ఆమె 1938 నాటి ‘హెర్క్యూల్ పొయిరోస్ క్రిస్మస్’లో సిమియన్ లీ అనే ముసలి కోటీశ్వరుడు కొడుకులందరినీ పండగకు పిలిపించి, ఆ ముందు రాత్రే హత్యకు గురవుతాడు. చుట్టాలంతా బలవంతాన ఒకచోట చేరి నవ్వు పులుముకోవలసిన రోజున పాత పగలు పైకి రావడం సహజమన్న ఆమె పరిశీలన చురుకైనదే. అయితే ఆ ఇంట్లో అందరి చూపూ వీలునామా మీదే ఉంటుంది, ఇచ్చే మనిషి ఒక్కడూ కనిపించడు. హంతకుడెవరో తెలిశాక పుస్తకం పని తీరిపోతుంది.

2. దయ్యాలు చూపించినది, స్క్రూజ్ చెల్లించినది

‘ఎ క్రిస్మస్ కేరల్’ పరిమాణంలో నవలిక, అంటే కథకు పెద్దది, నవలకు చిన్నది. డికెన్స్ దానిని అధ్యాయాలుగా కాక పాటలోని చరణాలకు వాడే పేరుతో అయిదు భాగాలు చేశాడు. ఈ కథ నేటి శ్రోతల్లో చాలామందికి సినిమాల ద్వారానో బొమ్మల పుస్తకాల ద్వారానో తెలిసినదే: పిసినారి స్క్రూజ్‌ను చనిపోయిన భాగస్వామి మార్లీ ప్రేతం హెచ్చరిస్తుంది, గతానికీ వర్తమానానికీ భవిష్యత్తుకూ చెందిన మూడు ఆత్మలు అతన్ని తిప్పి చూపిస్తాయి, తెల్లవారేసరికి అతను మారిపోతాడు. కథ కంటే అది పుట్టిన తీరును కాస్త నిదానంగా చూడటం ఈ వాదానికి అవసరం.

1843లో కార్ఖానాల్లో పనిచేసే పిల్లల స్థితి మీద పార్లమెంటు కమిషన్ నివేదిక వెలువడింది. దాన్ని చదివి చలించిన డికెన్స్ పేదల పిల్లల తరఫున ఒక కరపత్రం వేయాలని ముందు అనుకున్నాడు. తరవాత ఆ ఆలోచన మానుకుని, ఏడాది చివర మరింత గట్టిగా తగిలేది మరొకటి రాస్తానని మిత్రులకు చెప్పాడు. ఆ సెప్టెంబరులో లండన్‌లోని ఫీల్డ్ లేన్ చిరుగుబట్టల బడిని, అంటే చింకిపాతల పిల్లలకు ఉచితంగా అక్షరాలు నేర్పే ధర్మబడిని చూశాడు. అక్టోబరులో మాంచెస్టర్‌లో కార్మికుల చదువు గురించి ప్రసంగించాడు. ఆ వెంటనే మొదలుపెట్టి దాదాపు ఆరు వారాల్లో పుస్తకం ముగించాడు. ఈ వేగం వెనక మరో పాత గాయం ఉంది. 1824లో తండ్రి అప్పు తీర్చలేక మార్షల్సీ జైలుకు వెళ్లినప్పుడు, పన్నెండేళ్ల డికెన్స్ బూటు పాలిష్ తయారుచేసే కొట్టంలో సీసాలకు చీటీలు అంటించి వారానికి ఆరేడు షిల్లింగులు తెచ్చుకున్నాడు. కమిషన్ నివేదికలోని పిల్లల్లో అతను తనను చూసుకున్నాడనడం ఊహ కాదు.

డిసెంబరు 19న వెలువడిన ఆ పుస్తకం 6,000 ప్రతులు క్రిస్మస్ ముందు రోజుకే అమ్ముడుపోయాయి. జాన్ లీచ్ బొమ్మలకు చేతితో రంగులు వేయించి, బంగారు అంచులు పెట్టించిన ఖర్చంతా డికెన్సే భరించాడు కాబట్టి, వెయ్యి పౌండ్లు వస్తాయనుకున్న చోట మొదటి ముద్రణ మీద 230 పౌండ్లు మాత్రమే మిగిలాయి. దొంగ ముద్రణ వేసినవారి మీద దావా వేసి గెలిచినా, వాళ్లు దివాలా ఎత్తడంతో 700 పౌండ్ల ఖర్చు అతని మీదే పడింది. లాభం కోసం రాసిన ధర్మకథ రచయితకు మిగిల్చిన లాభం అంతంతే. పుస్తకం వెల అయిదు షిల్లింగులు. కథలోని గుమాస్తా బాబ్ క్రాచిట్ వారం జీతం పదిహేను షిల్లింగులు. తన గురించి రాసిన పుస్తకం కొనుక్కోవాలంటే బాబ్ వారం జీతంలో మూడోవంతు పెట్టాలి. అంటే అది బాబ్ కోసం కాక, బాబ్ యజమానుల కోసం అచ్చయిన పుస్తకం. డికెన్స్‌కు ఈ సంగతి తెలియకపోలేదు. 1853 డిసెంబరులో బర్మింగ్‌హామ్‌లో ఆ కథను మొదటిసారి బహిరంగంగా చదివి వినిపించినప్పుడు, కూలి జనం కోసం తక్కువ టికెట్టుతో ప్రత్యేకంగా ఒక రోజు కేటాయించాలని అతను పట్టుబట్టాడు.

కథలో అందరూ తలచుకునే విందు క్రాచిట్ల ఇంటిది. ఆనాటి లండన్ పేదల ఇళ్లలో మాంసం కాల్చే పొయ్యి ఉండేది కాదు. పండగ నాడు బాతును రొట్టెల కొట్టుకు తీసుకెళ్లి, ఆ బట్టీలో కాల్పించుకుని తెచ్చుకునేవారు, పుడ్డింగును బట్టలు ఉడకబెట్టే గుండిగలోనే ఉడికించేవారు. ఆ బాతు ఒక్కటే అంతమందికి చాలదు, ఆ పుడ్డింగు మరీ చిన్నది. అయినా ఇంట్లో ఒక్కరు కూడా ఆ మాట అనరు, అనడం తప్పని అందరికీ తెలుసు. లేమిని మాట రానివ్వకుండా తినే ఆ భోజనం ఇంగ్లీషు నవలలోని గొప్ప భోజనాల్లో ఒకటి. దాని తరవాత వర్తమానపు ఆత్మ తన అంగీ అంచు ఎత్తి, ఎముకలు తేలిన ఇద్దరు పిల్లలను చూపిస్తుంది. అజ్ఞానం, లేమి అన్నవి వాళ్ల పేర్లు. పేదలకు జైళ్లు లేవా, వర్క్‌హౌసులు లేవా అని అంతకుముందు స్క్రూజ్ అన్న మాటనే ఆత్మ అతనికి తిప్పికొడుతుంది. వర్క్‌హౌస్ అంటే 1834 చట్టం ప్రకారం సహాయం కోరిన పేదలను కుటుంబాల నుంచి విడదీసి పని చేయించే సర్కారు సత్రం. సత్రం అన్న మాట దానికి మరీ మెత్తన.

ఇంత చూపించిన పుస్తకం ముగింపులో తేలికపడుతుంది. స్క్రూజ్ టర్కీ కోడిని పంపుతాడు, జీతం పెంచుతాడు, చందా ఇస్తాడు, క్రాచిట్ల జబ్బు పిల్లవాడు చిన్నారి టిమ్ బతుకుతాడు. అతని ఇనప్పెట్టెకు ఇదంతా లెక్కలోకి రాని ఖర్చు. మారడానికి అతను భయం తప్ప మరేదీ చెల్లించలేదు, ఆ అంగీ కింది పిల్లలిద్దరూ ఏమయ్యారో కథ మళ్లీ చెప్పదు. యజమాని మనసు మారితే గుమాస్తా బతుకు మారుతుందన్న నమ్మకం మీద ఈ పుస్తకం నిలబడింది. గుమాస్తాకు హక్కు అనేది ఉంటుందన్న ఆలోచన దానిలో ఎక్కడా లేదు. దీన్ని ఏటా చదవవలసిందే, ఆ పిల్లల కోసం. టర్కీ కోడి కోసం అయితే ఒక్కసారి చాలు.

3. ఫలహారం ఇచ్చిన ఇల్లు

లూయిజా మే ఆల్కాట్ 1868లో వెలువరించిన ‘లిటిల్ విమెన్’ తొలి భాగం క్రిస్మస్ ముందు సాయంత్రం, కానుకలు లేని పండగ గురించి ఆడపిల్లల సణుగుడుతో మొదలవుతుంది. అమెరికా అంతర్యుద్ధం నడుస్తోంది. తండ్రి సైన్యంలో మతగురువుగా వెళ్లాడు. ఇల్లు ఒకప్పుడు బాగా బతికి చితికినది. మెగ్, జో, బెత్, ఏమీ అనే నలుగురు అక్కచెల్లెళ్లు తమ దగ్గరున్న తలా ఒక డాలరుతో తమకేమైనా కొనుక్కోవాలనుకుని, చివరకు తల్లికి కానుకలు కొంటారు. మర్నాడు ఉదయం తల్లి వచ్చి, దగ్గర్లో హమ్మెల్ అనే జర్మన్ వలస కుటుంబంలో పురిటి తల్లి, పసిగుడ్డు, నిప్పు లేని గదిలో ఒకే మంచం మీద ముడుచుకున్న ఆరుగురు పిల్లలు ఉన్నారని చెబుతుంది. ఆకలితో ఉన్న అక్కచెల్లెళ్లు ఒక్క క్షణం మౌనంగా ఉండి, పండగ ఫలహారమంతా మోసుకుని ఆ ఇంటికి పోతారు.

ఇక్కడి దానం ‘కేరల్’లోని దానం కంటే ఒక మెట్టు పైది, ఎందుకంటే ఇచ్చినవాళ్లు ఆ పూట నిజంగానే పాలూ రొట్టెలతో సరిపెట్టుకున్నారు. ఆ సాయంత్రమే పక్కింటి ధనికుడు లారెన్స్ ఐస్‌క్రీము, కేకులు, పూలు పంపించడంతో ఆల్కాట్ లెక్క సరిచేసినట్టు కనిపిస్తుంది. మంచి చేస్తే సాయంత్రానికి మేలు జరుగుతుందన్న ధోరణి ఆనాటి పిల్లల పుస్తకాలన్నిటికీ ఉన్నదే. నవల గొప్పతనం ఈ లెక్కను తరవాత తానే చెరిపేయడంలో ఉంది.

తండ్రికి జబ్బు చేసి తల్లి వాషింగ్టన్ వెళ్లినప్పుడు, హమ్మెల్ ఇంటికి వెళ్లి చూసిరావలసిన బాధ్యతను పెద్ద పిల్లలు ఏదో ఒక సాకుతో వాయిదా వేస్తారు. బెత్ ఒక్కతే వెళుతుంది. హమ్మెల్ పసిబిడ్డ స్కార్లెట్ జ్వరంతో ఆమె ఒళ్లోనే చనిపోతుంది. ఒంటి మీద ఎర్రని దద్దు వచ్చే ఈ అంటుజ్వరానికి ఆ కాలంలో మందు లేదు. బెత్‌కు అది అంటుకుంటుంది. ఆ క్రిస్మస్‌కు కోలుకుని, తండ్రి తిరిగొచ్చిన ఆనందంలో పాలుపంచుకున్నా, ఆమె ఆరోగ్యం మళ్లీ నిలబడదు. 1869లో వచ్చిన రెండో భాగంలో చనిపోతుంది. మొదటి అధ్యాయాల్లో ఫలహారం మోసుకెళ్లిన ఇంటికీ ఆ చావుకూ ఉన్న దారిని ఆల్కాట్ వేలుపెట్టి చూపించదు, పాఠకుడికే వదిలేస్తుంది. సంక్షిప్త రూపాల్లోనూ సినిమాల్లోనూ ఫలహారపు ఉదయం ముద్దుగా మిగిలి, ఈ దారి మసకబారుతుంది కాబట్టి, నవలను పూర్తిపాఠంలో చదవడం తప్పనిసరి.

ఈ వృత్తాంతం కల్పన కాదన్న సంగతి కూడా గమనించదగినది. ఆల్కాట్ తల్లి అబిగెయిల్ తమకే గడవని రోజుల్లో పేద కుటుంబాలకు సాయం చేస్తూ ఉండేది; 1856లో అలాంటి ఒక కుటుంబం నుంచే ఆల్కాట్ చెల్లెలు ఎలిజబెత్‌కు స్కార్లెట్ జ్వరం సోకింది, 1858లో ఆమె చనిపోయింది. పదేళ్ల తరవాత ప్రచురణకర్త ఆడపిల్లల కోసం ఒక పుస్తకం అడిగినప్పుడు, ఆల్కాట్ అయిష్టంగానే కూర్చుని, తన ఇంటి దానం ఖరీదును పండగ కథలో పొదిగింది. దయగల తల్లిని ఆమె ఆ నవలలో ఎక్కడా తప్పుపట్టలేదు. తప్పుపట్టకుండా ఖరీదు మాత్రం చెప్పడమే ఆ పుస్తకపు నిబ్బరం.

4. క్రిస్మస్ నవల అని ఎవరూ పిలవని క్రిస్మస్ నవల

డికెన్స్ 1860 డిసెంబరు నుంచి తన వారపత్రికలో ధారావాహికగా వేసిన ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ క్రిస్మస్ ముందు సాయంత్రం, సముద్రం దగ్గరి బురదనేలల్లోని ఒక శ్మశానంలో మొదలవుతుంది. పండగ పుస్తకాల జాబితాల్లో దీని పేరు తరచుగా కనిపించదు; ఆ జాబితాలు తయారుచేసేవారు కొవ్వొత్తుల కోసం వెతుకుతారు కాబట్టి కాబోలు. అయిదు క్రిస్మస్ పుస్తకాలు, పత్రికల క్రిస్మస్ సంచికలకు ఎన్నో కథలు రాసిన తరవాత, డికెన్స్ ఈ నవలలో తన పాత ప్రశ్నను మళ్లీ మొదటి నుంచి అడిగాడు.

కాళ్లకు సంకెళ్లతో ఓడజైలు నుంచి తప్పించుకున్న ఖైదీ మాగ్విచ్, అనాథ పిల్లవాడు పిప్‌ను పట్టుకుని, తిండీ, సంకెళ్లు కోసుకోవడానికి ఆకురాయీ తెమ్మని బెదిరిస్తాడు. తెల్లవారుజామున పిప్ ఇంట్లో పండగ కోసం దాచిన మాంసపు వంటకాన్ని, కొంచెం బ్రాందీని దొంగిలించి పట్టుకుపోతాడు. సీసా ఖాళీ తెలియకుండా నీళ్లనుకుని తారునీళ్లు కలుపుతాడు. ఆ మధ్యాహ్నం పండగ భోజనంలో పంబుల్‌చుక్ మొదలైన పెద్దలు పిల్లలకు కృతజ్ఞత ఉండదని పిప్‌కు నీతులు బోధిస్తూ ఉండగా, తారునీళ్లు తాగిన పంబుల్‌చుక్ గంతులు వేస్తాడు. హాస్యం పేరిట డికెన్స్ చేసిన పని ఇదీ: విందులో కూర్చున్న మర్యాదస్తుల్లో ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వరు, ఆ రోజు ఇంట్లోంచి ఆకలిగొన్నవాడికి వెళ్లిన అన్నం దొంగసొత్తు, అదీ ప్రాణభయంతో ఇచ్చినది.

అప్పుడే సైనికులు వస్తారు, ఖైదీ దొరుకుతాడు. పిల్లవాడి మీదకు నేరం రాకుండా ఆ తిండిని తానే దొంగిలించానని మాగ్విచ్ చెబుతాడు. దానికి పిప్‌ను పెంచుతున్న కమ్మరి జో, అతను ఏం చేసి ఖైదీ అయ్యాడో తమకు తెలియదనీ, అయినా సాటి మనిషి ఆకలితో చావాలని కోరుకోమనీ, ఆ తిండి అతనిదే అనుకోమనీ అంటాడు. పోయిన వంటకం తన భార్యది, పోయిన పరువు తన ఇంటిది. అక్కడున్న అందరిలో చదువు లేనివాడు ఆ ఒక్క వాక్యంతో దొంగతనాన్ని దానంగా మార్చేస్తాడు.

ఇక ఖరీదు సంగతి. మాగ్విచ్ ఆస్ట్రేలియాలో గొర్రెలు కాసి కూడబెట్టిన డబ్బుతో, తన పేరు చెప్పకుండా, పిప్‌ను పెద్దమనిషిని చేస్తాడు. ఒక పూట తిండికి అతను చెల్లించిన బదులు ఒక జీవితం. ఆ డబ్బు ఎవరో గొప్పింటి ఆవిడ ఇస్తోందనుకున్న పిప్, ఇచ్చినది ఖైదీ అని తెలిసిన రోజు అసహ్యంతో వణికిపోతాడు. తీసుకున్నది తీపి, ఇచ్చిన చెయ్యి చేదు. జోను చూసి సిగ్గుపడే స్థితికి పిప్‌ను దిగజార్చిందీ ఆ దానమే. స్క్రూజ్ పంపిన టర్కీ కోడి క్రాచిట్లను ఏం చేసిందో ‘కేరల్’ అడగలేదు. పదిహేడేళ్ల తరవాత డికెన్స్ అడిగాడు. ఒక్క క్రిస్మస్ పుస్తకాన్నే చదివే వ్యవధి ఉన్న పాఠకుడికి ఈ ఉపన్యాసం సిఫారసు చేసేది దీన్నే. ఈ తీర్పుతో విభేదించే శ్రోతలు చర్చలో తప్పక నిలదీయవచ్చు.

5. పక్కింటి కాన్వెంటు

ఐరిష్ రచయిత్రి క్లెయిర్ కీగన్ 2021లో ప్రచురించిన ‘స్మాల్ థింగ్స్ లైక్ దీస్’ ఒక పూటలో ముగించగలిగిన చిన్న నవల. 1985 క్రిస్మస్ ముందటి వారాల్లో, వెక్స్‌ఫర్డ్ కౌంటీలోని న్యూ రాస్ పట్టణంలో బొగ్గు, కట్టెలు అమ్మే బిల్ ఫర్లాంగ్ దాని నాయకుడు. అయిదుగురు ఆడపిల్లల తండ్రి, పనికి వెనకాడనివాడు, పెళ్లికాని పనిమనిషికి పుట్టి, ఆమె యజమానురాలు మిసెస్ విల్సన్ ఆదరణతో పెరిగినవాడు. చిన్నతనంలో ఒక క్రిస్మస్‌కు అతను కోరుకున్న బొమ్మముక్కల ఆట రాలేదు. మిసెస్ విల్సన్ ఇచ్చిన పాత ‘క్రిస్మస్ కేరల్’ వచ్చింది. కీగన్ ఈ వరసలో తన పుస్తకాన్ని ఎక్కడ పెట్టుకున్నారో ఆ ఒక్క వివరమే చెబుతుంది.

కాన్వెంటుకు బొగ్గు వేయడానికి వెళ్లిన ఫర్లాంగ్‌కు బొగ్గు కొట్టంలో బంధించిన ఒక అమ్మాయి కనిపిస్తుంది. తన పసిబిడ్డ గురించి అడగమని ఆమె అతన్ని వేడుకుంటుంది. అది మాగ్డలీన్ లాండ్రీ. పెళ్లికాకుండా తల్లులైనవారినీ, దిక్కులేనివారినీ సన్యాసినుల అజమాయిషీలో ఉంచి, జీతం లేకుండా బట్టలు ఉతికించిన ఈ సంస్థల్లో చివరిది 1996లో మూతపడింది. 2013లో ఐర్లండ్ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. పట్టణానికి అంతా తెలుసు, ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే ఆడపిల్లలకు మంచి బడి ఆ కాన్వెంటు పక్కనే ఉంది, నడిపేది కూడా ఆ సన్యాసినుల తోటివారే. నోరు జాగ్రత్త అని హోటలు నడిపే మిసెస్ కీహో ఫర్లాంగ్‌కు చెప్పే హితవులో శత్రుత్వం లేదు, ఊరి అనుభవం ఉంది.

ఇక్కడ దయకు అడ్డు పిసినారితనం కాదు. సన్యాసినుల పెద్ద ఫర్లాంగ్‌కు ఇచ్చే క్రిస్మస్ కవరులో డబ్బు ఉంటుంది, దానితో అతని భార్య ఐలీన్ కసాయి కొట్టు బాకీ తీరుస్తుంది. పండగ కానుక నోరు మూయించే పద్ధతిగా మారిన ఊరు అది. క్రిస్మస్ ముందు సాయంత్రం ఫర్లాంగ్ ఆ అమ్మాయిని, కాళ్లకు చెప్పులు లేని స్థితిలో, ఊరంతా చూస్తుండగా తన ఇంటికి నడిపించుకుని పోతాడు. ముందున్నది కష్టమని అతనికి తెలుసు. కూతుళ్ల చదువు, వ్యాపారం, భార్య నమ్మకం అన్నీ పందెంలో ఉన్నాయి. నవల అక్కడ ఆగిపోతుంది. కొందరు సమీక్షకులు దీన్ని ఆశ నిండిన ముగింపు అన్నారు. చెల్లించవలసిన మొత్తాన్ని పూర్తిగా చెప్పి, చెల్లింపు మొదలుకాకముందే ముగించడం అంతకంటే కఠినమైన పని.

6. తీసుకున్నవాడి వైపు నుంచి

పైన చెప్పిన నవలలన్నీ ఇచ్చేవాడి భుజం మీదుగా చూస్తాయి. పిప్ కొంతవరకు మినహాయింపు. క్రిస్మస్‌ను తమదిగా చేసుకున్న తెలుగువారిలో అత్యధికులకు ఆ మతం వచ్చిన దారి మాత్రం వేరు.

1876-78 నాటి ధాత కరువులో ఒంగోలు ప్రాంతపు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని గుత్తకు తీసుకుని, మాల మాదిగ కూలీలకు పని చూపించాడు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు పని సాగినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపించాడు. మళ్లీ మొదలుపెట్టాక 1878 జులై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చేవాడే తన దానం మీద అనుమానపడి ఆగిన సందర్భం ఇది, ఏ క్రిస్మస్ నవలలోనూ ఇలాంటిది లేదు. మెదక్‌లో 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మహాదేవాలయం కూడా, మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు రోజుల్లో జనానికి కూలి దొరికేలా మొదలుపెట్టించిన కట్టడమే. నేడు క్రిస్మస్‌కు ఆ మెట్ల మీద నిలబడే జనంలో ఎంతమంది తాతముత్తాతలు ఆ రాళ్లు మోశారో ఏ లెక్కలోనూ లేదు.

ఈ చరిత్రను నవలగా మలిచిన పుస్తకం జి. కల్యాణరావు 2000లో వెలువరించిన ‘అంటరాని వసంతం’. అది పండగ నవల కాదు. ఎన్నెలదిన్ని పల్లెలోని పాటగాడు ఎల్లన్న మొదలు తరాలుగా సాగే దళిత కుటుంబ కథ, రూతు అనే స్త్రీ జ్ఞాపకంగా నడుస్తుంది. కరువుకు ఊరు విడిచి కాలువ పనికి నడిచిపోయిన శివయ్య, శశిరేఖలకు మట్టి తవ్వే చోట కూడా కులం అడ్డొస్తుంది. వాళ్లకు అన్నమూ ఆసరా దొరికినది క్రైస్తవం నీడలో. ఆ నీడను నవల తిరస్కరించదు, పొగడ్తలతో ముంచెత్తదు కూడా. ఆకలి తీరిందన్నది నిజం, అక్షరం వచ్చిందన్నది నిజం, ఆ అక్షరంతో పాటు కులమూ గుడి మారి వెంటవచ్చిందన్నది నిజం.

నవల బయట, చట్టంలో ఈ ఖరీదు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా హిందువులకు పరిమితమైంది. తరవాత 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ విస్తరించినా, క్రైస్తవం తీసుకున్న దళితుడికి అది దక్కలేదు. ఆంధ్రప్రదేశ్‌లో అతను వెనకబడిన తరగతుల్లో ‘సి’ వర్గం కింద, ఒక్క శాతం రిజర్వేషన్‌లో ఉంటాడు. ఊళ్లో అంటరానితనం అలాగే ఉండి, కాగితం మీద మాత్రం ఆ అంటరానితనానికి పరిహారం పోయింది. గుంటూరు, ప్రకాశం, కృష్ణా జిల్లాల పల్లెల్లో ఇంటి మీద నక్షత్రం వేలాడదీసి, డిసెంబరు మొదటి వారం నుంచే సెమీ క్రిస్మస్ పేరిట ముందస్తు వేడుకలు చేసుకునే కుటుంబాల్లో, సర్టిఫికెట్టు మీద ఒక మతమూ ఇంట్లో మరొక మతమూ ఎందుకున్నాయన్నది బయటివారు అడగకూడని ప్రశ్నగా మిగలడానికి కారణం ఇదే.

ఈ కారణం వల్లనే ‘అంటరాని వసంతం’ను డికెన్స్, ఆల్కాట్, కీగన్‌ల పక్కన క్రిస్మస్ అరలో పెట్టాలని ఈ ఉపన్యాసం ప్రతిపాదిస్తోంది. వరస తప్పిన పొత్తు అని గ్రంథాలయాధికారులు ఆక్షేపించవచ్చు. హమ్మెల్ తల్లికి, నిప్పు లేని ఆ గదిలోకి పొరుగింటి ఆడపిల్లలు వేడి రొట్టెలు మోసుకుని వచ్చినప్పుడు ఏమనిపించిందో, ఆ తరవాత తన బిడ్డ జ్వరం ఆ ఇంటి పిల్లకు అంటిందని తెలిసినప్పుడు ఏమనిపించిందో ఆల్కాట్ రాయలేదు. కల్యాణరావు రాసింది ఆ గదిలో కూర్చుని.